చదువుతూ సంపాదించడం: విదేశీ విద్యకు ఆర్థికాధారాల చరిత్ర

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి అక్కడే పనిచేసి తన చదువు ఖర్చంతా సంపాదించుకోగలడా? కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో అనేక కుటుంబాలు ఈ నమ్మకంతోనే అప్పు చేస్తున్నాయి. ఈ నమ్మకానికి చరిత్రలో ఎంత ఆధారం ఉందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

తొలి దశలో విదేశీ చదువుకు ప్రధాన ఆధారం సంస్థానాధీశుల, దాతల సహాయం. 1913లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా పాలకుడు శాయాజీరావు గైక్వాడ్ మంజూరు చేసిన విద్యార్థి వేతనంతో. అది నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు లభించింది. తిరిగివచ్చాక బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది దానికి షరతు.

1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అనుభవం ఇంకొక విధమైనది. ఆయన ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పడ్డారు. హార్వర్డ్‌లో చదువుతూ ఆయన బోస్టన్‌లోని ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. ఆ తరువాత జీవరసాయన పరిశోధనలో చేరి 1930లో పిహెచ్.డి. పొందారు. ఆయన శ్రమ గొప్పదే. అయితే ఆ శ్రమ వెనుక దాతల సహాయం కూడా ఉందని మరువరాదు.

1964లో అమెరికా ప్రభుత్వం ఆర్థిక అవకాశాల చట్టం ద్వారా పేద విద్యార్థులకు ‘వర్క్ స్టడీ’ పథకాన్ని ప్రారంభించింది. విద్యార్థి పార్ట్‌టైం పనిచేస్తే అతని వేతనంలో అధిక భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. కానీ విద్యార్థి వీసాపై వచ్చిన విదేశీయులు ఈ పథకానికి అర్హులు కారు. వారికి ఉన్నది సహాయం కాదు, అనుమతి మాత్రమే. తరగతులు జరిగే కాలంలో ప్రాంగణంలో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. ఆ సంపాదన తిండి ఖర్చుకు ఆసరా అవుతుందేగాని ఫీజుకు చాలదు. ఫీజు మినహాయింపుతో వచ్చే అసిస్టెంట్‌షిప్‌లు ఎక్కువగా పిహెచ్.డి. విద్యార్థులకే లభిస్తాయి.

ఉత్తర తెలంగాణకు విదేశీ సంపాదన కొత్త కాదు. 1970ల చమురు ధరల పెరుగుదల తరువాత జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి శ్రామికులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లారు. అక్కడికి వెళ్లేది పనికే కాబట్టి, పని దొరికితే అప్పు తీరుతుందని లెక్క వేసుకున్నారు. అదే లెక్క విద్యార్థి వీసాకు వర్తించదు. వీసా చదువుకు, పని దానికి అనుబంధం మాత్రమే.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ ఉదంతం తెలుపుతుంది. అమెరికా అధికారులే నిఘా కోసం మిషిగన్‌లో ఒక నకిలీ విశ్వవిద్యాలయం నెలకొల్పారు. అక్కడ తరగతులు లేవు. చేరితే ఉద్యోగం చేసుకునే వీలు దొరుకుతుందన్న ఆశే చాలామందిని ఆకర్షించింది. తొలి విడతలో అరెస్టయిన సుమారు 130 మంది విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగువారు ఎక్కువ. ఆ విద్యార్థులను పట్టుకోవడానికి వల పన్నిన ప్రభుత్వ పద్ధతీ విమర్శలకు గురైంది.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసింది ఒక్కటే. ఫీజుకు ఆధారం బయలుదేరే ముందే ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకానికి అంబేద్కర్ పేరు పెట్టడం అర్థవంతం. శతాబ్దం క్రితం ఒక సంస్థానం ఒక్కరికి చేసిన పనిని ఇప్పుడు ప్రజాప్రభుత్వం హక్కుగా విస్తరించవలసి ఉంది.

అభ్యాసం: మీ గ్రామం నుంచి గల్ఫ్‌కు వెళ్లిన శ్రామికుని ఖర్చును, అమెరికాకు వెళ్లిన విద్యార్థి ఖర్చును పోల్చి, అప్పు తీరే మార్గాల్లో తేడాను 10 వాక్యాల్లో రాయండి.