భయానికి ముఖం: 1954 నాటి హారర్ కామిక్స్ వివాదం, తెలుగు బొమ్మల కథ, దమ్మపేట అటవీ సరిహద్దు

వ్యాస సంగ్రహం

అమెరికాలో హారర్ కామిక్స్ మీద 1954లో చెలరేగిన వివాదం రెండేళ్లలో భారతదేశంలో ఒక చట్టానికి దారి తీసింది. అదే కాలంలో తెలుగులో భూతప్రేతాల బొమ్మల కథలు ఆటంకం లేకుండా సాగాయి. ఈ వ్యత్యాసానికి కారణాలను, ఆ కథల్లో మాంత్రికునికీ అడవికీ ఏర్పడిన సంబంధాన్ని, దమ్మపేట పరిసరాల అటవీ సరిహద్దులో నిలిచి ఉన్న కోయల పడిగె కథన సంప్రదాయంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం

తెలుగులో బాలసాహిత్య చరిత్ర రాసినవారు చందమామను నీతికథల పత్రికగా, జానపద కథానిధిగా గుర్తించారు. ఆ పత్రికలో భయానికి ఉన్న స్థానాన్ని విడిగా చర్చించింది తక్కువ. శ్మశానం, మర్రిచెట్టు, శవం, పుర్రెలు, నరబలి, కొండగుహలో మాంత్రికుడు, ఇవన్నీ పిల్లల చేతిలోని పుస్తకంలో నెలనెలా బొమ్మలుగా కనిపించాయి. ఇటువంటి బొమ్మల కారణంగానే మరో దేశంలో ఒక పరిశ్రమ కూలిపోయింది. ఇక్కడ అవే తరాల ఆస్తి అయ్యాయి. ఈ తేడాను అభిరుచుల భేదమని తేల్చివేయడం సులువు. కాని కథను నడిపే పద్ధతి, చట్టంలోని మాటలు, పాఠకుడు నిలబడిన చోటు, ఈ మూడింటినీ కలిపి చూస్తే గాని విషయం తేలదు.

అమెరికాలో జరిగినది

విలియం గెయిన్స్ ఆధ్వర్యంలోని ఇ.సి. కామిక్స్ సంస్థ 1950లో 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్' అనే మూడు పత్రికలను ఆరంభించింది. వీటిలో ప్రతి కథకూ ఒక వ్యాఖ్యాత ఉంటాడు. నేలమాళిగ కావలివాడో, ముసలి మంత్రగత్తెయో కథ మొదట్లో పాఠకుణ్ణి పలకరించి, చివర ఒక వెటకారపు మాటతో సాగనంపుతారు. హత్య చేసినవాడు తాను చంపినవాని శవం చేతిలోనే చావడం వంటి ముగింపులు ఈ కథల్లో తరచు కనిపిస్తాయి. నేరానికి శిక్ష పడుతుంది, అయితే ఆ శిక్షను చూసి నవ్వే గొంతు మాత్రం వ్యాఖ్యాతది.

మనోవైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్ రాసిన 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' 1954లో వెలువడింది. బాలనేరాలకు కామిక్స్ కారణమని అతని వాదం. ఆ సంవత్సరం ఏప్రిల్, జూన్ నెలల్లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఏప్రిల్ 21న గెయిన్స్ సాక్ష్యం చెప్పినప్పుడు, తెగిన తల బొమ్మ ఉన్న ఒక ముఖచిత్రాన్ని చూపి సెనేటర్ కెఫావర్ అతణ్ణి నిలదీశాడు. ప్రభుత్వం నిషేధం విధించలేదు. ప్రచురణకర్తలే సంఘంగా ఏర్పడి 1954 అక్టోబరులో స్వీయ నియమావళిని ప్రకటించుకున్నారు. పత్రికల పేర్లలో హారర్, టెర్రర్ అనే పదాలు ఉండరాదు. రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, లేచి నడిచే శవాలు కనిపించరాదు. ఈ నియమాలతో ఇ.సి. హారర్ పత్రికలు ముగిసిపోయాయి. 1971లో నియమావళిని సడలించిన తరువాతనే రక్తపిశాచాలు తిరిగి ఆ పుటల్లోకి వచ్చాయి.

బ్రిటన్‌లో నడిచిన దారి వేరు. 1954 సెప్టెంబరులో గ్లాస్గో నగరంలోని గోర్బల్స్ ప్రాంతపు పిల్లలు ఇనుప పళ్ల పిశాచాన్ని వెతుకుతూ గుంపులుగా శ్మశానంలో చొరబడ్డారు. అమెరికన్ కామిక్స్ మీద అప్పటికే సాగుతున్న ఉద్యమానికి ఈ ఘటన తోడైంది. మరుసటి ఏడు పార్లమెంటు చట్టం చేసింది. ఇనుప పళ్ల భూతం బైబిలులోనూ, స్కాట్లాండ్ పిల్లలకు తెలిసిన ఒక పాత పద్యంలోనూ ఉన్నదని తరువాతి పరిశోధకులు చూపారు. నింద పడింది పుస్తకం మీద, భయం పుట్టింది మాత్రం అంతకు ముందే చెలామణిలో ఉన్న వాచిక సంప్రదాయంలో. బాణామతి ప్రస్తావనలో ఈ సంగతిని మళ్లీ గుర్తు చేసుకోవలసి ఉంటుంది.

భారత చట్టం, దాని మాటలు

బ్రిటిష్ చట్టం నమూనాగా భారత పార్లమెంటు 1956లో యువజనులకు హానికరమైన ప్రచురణల చట్టాన్ని ఆమోదించింది. ఇది 1957 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇరవై ఏళ్ల లోపువారు ఈ చట్టం దృష్టిలో యువజనులు. నేరాలను, హింసాక్రౌర్యాలను, జుగుప్స లేదా భీతి గొలిపే సంఘటనలను ప్రధానంగా చిత్రించే కథలు, మొత్తం మీద చదువరిని చెడగొట్టేవిగా ఉంటే అవి హానికర ప్రచురణలు అవుతాయి. వాటిని అమ్మినవారికి ఆరు నెలల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అటువంటి ప్రచురణను జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది.

ఈ నిర్వచనంలో రెండు అంశాలు గమనించదగ్గవి. బొమ్మల సాయంతో చెప్పినవీ, బొమ్మలు లేనివీ, పూర్తిగా బొమ్మలతోనే నడిచేవీ అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. భీతి ఒక్కటే నేరం కాదు, చెడగొట్టే స్వభావం కూడా తోడు కావాలి. ఈ రెండో షరతు లేకుంటే శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు సైతం చట్టానికి చిక్కేవాడే.

చందమామలో భయం

బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి చందమామను ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించే దాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వ బాధ్యత వహించారు. దాసరి సుబ్రహ్మణ్యం తొలి ధారావాహిక 'తోకచుక్క' 1954లోనే మొదలైంది. అమెరికన్ కామిక్స్‌లో రాక్షసులకు తలుపులు మూసిన ఏడే తెలుగు బాలల పత్రికలో రాక్షసులకూ మాంత్రికులకూ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' మొదలైనవి ఆ వరుసలోనివే. వీటికి చిత్ర గీసిన బొమ్మలు, బేతాళ కథలకు శంకర్ గీసిన బొమ్మలు పాఠకుల జ్ఞాపకంలో కథతో పెనవేసుకుని నిలిచాయి.

బేతాళ కథల మూలం పదకొండవ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరంలో కూడా చేరిన వేతాళ పంచవింశతి. మూలంలోని ఇరవై అయిదు కథలు అయిపోయినా చందమామ ఆ చట్రాన్ని వదలలేదు. వేరే కథలకు చివర ఒక చిక్కుముడి కల్పించి, వాటిని బేతాళుని నోట పలికించింది. ఇ.సి. వ్యాఖ్యాతకూ బేతాళునికీ పోలిక స్పష్టం. ఇద్దరూ చావుకు సంబంధించినవారు, ఇద్దరూ కథ చెప్పేవారు, ఇద్దరికీ వినేవాణ్ణి కవ్వించే అలవాటు ఉంది. తేడా ముగింపులో ఉంది. నేలమాళిగ కావలివాడు నవ్వి తప్పుకుంటాడు. బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది. అందువల్ల భయం ఇక్కడ తీర్పు దాకా తీసుకుపోయే దారి మాత్రమే. ఎవరిది తప్పు, ఎవరి త్యాగం గొప్పది అనే విచారణలో పాఠకుడు శ్మశానాన్ని మరచిపోతాడు. చట్టం కోరిన రెండో షరతుకు ఈ చట్రంలో చోటు లేదు.

విడి కథల్లోని దయ్యాల తీరు మరొకటి. అవి తరచు మనిషి తెలివికి లొంగి ఊడిగం చేస్తాయి, గయ్యాళి భార్యకు జడిసి ఊరు వదిలిపోతాయి. విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరైన కుటుంబరావు వంటి భౌతికవాది ఈ కథలను దశాబ్దాల పాటు నడపడంలో వైరుధ్యం ఉన్నదని కొందరికి అనిపించవచ్చు. దయ్యాన్ని నవ్వులపాలు చేసే కథ దయ్యం మీది నమ్మకాన్ని పెంచదు, పలచన చేస్తుంది. ఈ కోణంలో చూస్తే వైరుధ్యం చాలా వరకు తగ్గిపోతుంది.

మాంత్రికుడు ఎక్కడ ఉంటాడు

అయితే ధారావాహికలకు ఈ సమాధానం పూర్తిగా సరిపోదు. వాటిలో దయ్యం కన్న మాంత్రికుడు ముఖ్యుడు. అతడు కోటలో ఉండడు, అడవిలోనో కొండగుహలోనో ఉంటాడు. జడలు, పుర్రె తగిలించిన దండం, ఎముకల హారం, ఎదుట బలిపీఠం, ఇవి అతని గుర్తులు. నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ తరఫున 1951లో నిర్మించిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు కూడా సాహసి అయిన యువకుణ్ణి బలి ఇవ్వడానికి గుహకే తీసుకుపోతాడు. ప్రేక్షకుడూ పాఠకుడూ ఊరిలో నిలబడి అడవి వైపు చూస్తారు. భయం అటు నుంచి వస్తుంది.

ఈ చూపును దమ్మపేట వంటి చోట నిలబెట్టి పరీక్షించాలి. దమ్మపేట నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మండలం, షెడ్యూల్డు ప్రాంతంలోనిది. చందమామ పుట్టిననాడు ఈ ప్రాంతం హైదరాబాద్ రాజ్యంలో ఉంది. తూర్పు సరిహద్దు దాటితే మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. రెండు పాలనల అంచున, కోయలూ కొండరెడ్లూ నివసించే ఈ అడవి బయటివారికి చిరకాలం తెలియని నేల. గోదావరి ఒడ్డు కొండరెడ్లను గురించి హైమన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1945లో వచ్చింది. ఇప్పుడు దమ్మపేట చుట్టుపక్కల పామాయిల్ తోటలు విస్తరించాయి, అప్పారావుపేటలో గెలలు ఆడించే కర్మాగారం ఉంది. అడవి తరిగిపోయినా, అడవి మనిషికి మంత్రాలు వచ్చుననే ఊహ మాత్రం తరగలేదు. బస్టాండ్లలో జోస్యం చెప్పే 'కోయదొర' వేషానికి గిరాకీ కల్పించింది ఆ ఊహే.

పడిగె: అడవి గీసుకున్న బొమ్మల కథ

ఈ ప్రాంతంలోనే మరో బొమ్మల కథ ఉంది. కోయల ఇలవేల్పుల చరిత్రను పడిగె అనే త్రికోణాకారపు గుడ్డ పతాకం మీద బొమ్మలుగా నిలుపుతారు. వేల్పు కొలుపు సమయంలో డోలివారు దానిని ఎదుట పెట్టి, డోలు వాయిస్తూ ఆ వంశం కథను గానం చేస్తారు. ఏ గట్టువారికి ఏ వేల్పు, వారు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరితో పోరాడారు అనే విషయాలు అందులో ఉంటాయి. ఈ కళలో నిష్ణాతుడైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. జయధీర్ తిరుమలరావు కృషి వల్ల పడిగెల ప్రాధాన్యం పరిశోధకుల దృష్టికి వచ్చింది.

1956 చట్టపు నిర్వచనం ప్రకారం పడిగె కూడా బొమ్మల సాయంతో చెప్పే కథే. పోరు, చావు, నెత్తురు ఇందులోనూ ఉన్నాయి. కాని చనిపోయినవాడు ఇక్కడ పిశాచం కాడు, వేల్పు అవుతాడు. చందమామ ధారావాహికలో భయానికి నెలవైన గుహ, గుట్ట పడిగె కథలో పూర్వీకుల నివాసాలు. బొమ్మలోని వస్తువు ఒకటే అయినా చూసేవాడు నిలబడిన చోటు మారితే రసం మారుతుంది. ఊరి నుంచి చూస్తే భయానకం, గూడెం నుంచి చూస్తే భక్తి, వీరం. 'శిథిలాలయం'లో శిఖిముఖి వంటి అటవీ యువకుణ్ణి నాయకునిగా నిలిపిన దాసరి ఈ సంగతిని కొంత వరకు గ్రహించినట్లు కనిపిస్తుంది. అయినా ఆ కథ చదివించింది ఊరి పిల్లలను. చందమామ అనేక భారతీయ భాషల్లో, సంతాలీలో సైతం వెలువడింది, కోయభాషలోకి రాలేదు.

బాణామతి ప్రశ్న

తెలంగాణలో బాణామతి, కోస్తాలో చిల్లంగి అని పిలిచే నమ్మకం వల్ల మనుషులు దెబ్బలు తిన్నారు, పళ్లు ఊడగొట్టించుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిందకు గురి అయ్యేది ఎక్కువగా ఒంటరి స్త్రీలు, వృద్ధులు, భూమి తగాదాల్లో బలహీనులైనవారు. 1980 దశకపు తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' విపరీతమైన ఆదరణ పొందినప్పుడు క్షుద్ర సాహిత్యం అనే మాట విమర్శలో ప్రచారంలోకి వచ్చింది. ఇటువంటి నవలలు మూఢనమ్మకాన్ని పెంచుతున్నాయని ఒక పక్షం, కల్పనకూ నమ్మకానికీ సంబంధం లేదని మరో పక్షం వాదించాయి.

గోర్బల్స్ ఉదంతం మొదటి పక్షం తొందరపాటును చూపిస్తుంది. బాణామతి భయం అచ్చు పుస్తకం కన్న పాతది, చదువు రాని ఊళ్లలోనూ ఉన్నది. రెండో పక్షం వాదమూ నిలవదు. అచ్చు బొమ్మ నమ్మకాన్ని పుట్టించకపోయినా దానికి ఒక ముఖం ఇస్తుంది. జడలు, ఎముకలు, అడవి అనే గుర్తులు లక్షల ప్రతుల్లో స్థిరపడ్డాక, అనుమానం ఆ గుర్తులు ఉన్నవారి మీదికి సులువుగా మళ్లుతుంది. ఈ మేరకు సాహిత్యానికి బాధ్యత ఉంది. ఇది 1954 నాటి నియమావళి గుర్తించిన బాధ్యత కాదు. ఆ నియమావళి ఏ భూతాన్ని గీయరాదో చెప్పింది, ఆ భూతానికి ఎవరి పోలికలు పెడుతున్నారని అడగలేదు.

ముగింపు

అమెరికన్ హారర్ కామిక్స్ చరిత్ర నిషేధాల చరిత్రగా మిగిలింది. తెలుగు బొమ్మల కథకు అటువంటి కోత పడలేదు. ప్రాచీన కథాచట్రం, న్యాయవిచారణతో ముగిసే పద్ధతి, దయ్యాన్ని పరిహసించే జానపద ధోరణి దానికి రక్షణ అయ్యాయి. కోత లేకపోవడం వల్లనే కాబోలు, విచారణ కూడా లేకపోయింది. బేతాళుడు ప్రతి కథ చివరా ప్రశ్న అడిగాడు గాని, మాంత్రికుణ్ణి అడవిలోనే ఎందుకు ఉంచారని విమర్శకులు అడగలేదు. చందమామ ప్రచురణ 2013లో ఆగిపోయింది, దాని పాత సంచికలు భద్రంగానే ఉన్నాయి. పడిగె గుడ్డలూ, వాటిని చదవగల గొంతులూ ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. తెలుగు సచిత్ర కథనానికి సమగ్ర చరిత్ర రాయవలసినప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. అప్పుడు గాని ఆ బొమ్మల్లో అడవి ఎవరికి భయమో, ఎవరికి ఇల్లో తెలియదు.