బడిపేరు: ఒక మానవహక్కుల పాఠం వెనుక కొంత చరిత్ర

పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు మాస్టారి ఇంట్లో అటక మీద ఏముంటాయో మీరు ఊహించగలరు. పాత ప్రశ్నపత్రాలు, అట్టలు ఊడిన నిఘంటువులు, పిల్లలు తిరిగి తీసుకువెళ్ళని నోటు పుస్తకాలు. మొన్నటి వానకు అటక చెమ్మగిల్లితే అవన్నీ దింపి డాబా మీద ఎండబెట్టవలసి వచ్చింది. వాటి నడుమ పదో తరగతి ఇంగ్లీషు వాచకం ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకోగానే అలవాటు కొద్దీ చివరి యూనిట్ దగ్గర తెరుచుకుంది. ఆ యూనిట్ పేరు ‘హ్యూమన్ రైట్స్’. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఎందుకు వాయిదా వేశానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

రాష్ట్రం విడిపోయిన 2014లోనే వచ్చిన వాచకం అది, ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’. ఎనిమిదో యూనిట్‌లో మూడు పాఠాలు. మొదటిది జమైకా రచయిత హెండ్రిక్స్ రాసిన చిన్న కథ. ఒక తెల్ల పిల్లవాడు, ఒక నల్ల పిల్లవాడు ఆడుకుంటుంటారు, ఒకడు ఆజ్ఞాపిస్తే మరొకడు పరుగెడతాడు. చూసేవాడు జాతి గురించి మథనపడతాడు. మర్నాడు చూస్తే పాత్రలు తారుమారై ఉంటాయి. రెండోది నైజీరియా కవి గేబ్రియల్ ఒకారా కవిత. మూడోది ‘వాట్ ఈజ్ మై నేమ్?’. ఇది మన పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథకు ఇంగ్లీషు అనువాదం.

కృష్ణా కాలువల మీది పల్లెల పిల్లలకు మానవహక్కుల మాటలు నేర్పడానికి జమైకాకు, నైజీరియాకు వెళ్ళి, చివరికి బెజవాడకే తిరిగివచ్చిందన్నమాట ఆ పుస్తకం. సత్యవతి గారు గుంటూరు జిల్లా కొలకలూరులో 1940లో పుట్టారు. విజయవాడ ఎస్.ఎ.ఎస్. కళాశాలలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. రేవతి ఆత్మకథను ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసినందుకు 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందారు. మా ఊరి ఇంగ్లీషు పంతులమ్మ తెలుగులో రాసిన కథను మా ఊరి పిల్లలు ఇంగ్లీషులో చదువుకుని, దాని అర్థం మళ్ళీ తెలుగులో నన్నడిగేవారు. ఈ ప్రదక్షిణం నాకు మొదట్లో నవ్వు తెప్పించేది.

బెజవాడలో బస్సెక్కి బందరు రోడ్డు మీదుగా గంటన్నర ప్రయాణం చేస్తే మా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల వచ్చేది. యూనిట్ మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ‘రైట్’ అని రాసి అర్థం అడిగాను. “కుడి” అన్నారు సగంమంది. “కరెక్టు” అన్నారు మిగిలినవారు. రెండూ నిజమే, ఒకే మాటకు మూడర్థాలు మోయించిన తప్పు ఇంగ్లీషుదే గాని పిల్లలది కాదు. ‘హక్కు’ అని నేనే చెప్పాను. ఆ మాట వినగానే వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, “హక్కు ఆసామిదండీ, మాది కౌలు” అన్నాడు.

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. డెల్టాలో ‘హక్కు’ అంటే అదే మరి. పొలం గట్టు, కాలువ తూము, హక్కుదారు పేరు. అరబ్బీలో ‘హక్’ అంటే సత్యమనీ, న్యాయంగా రావలసినదనీ అర్థాలు. పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి రెవెన్యూ కాగితాల్లో స్థిరపడింది. అందువల్ల అది కొందరికి ఉండేదీ, మరికొందరికి లేనిదీ అయిన వస్తువుగా జనం నోట నిలిచింది. పుట్టుకతోనే అందరికీ ఉండే హక్కు అనేది ఆ కుర్రవాడికి, పాపం, వ్యాకరణ దోషంలాగా వినిపించి ఉంటుంది.

పక్క గదిలో హిందీ పండితులు ‘మానవ్ అధికార్’ అని చెప్పేవారు. ‘అధికార్’ అంటే హిందీలో హక్కు. మనకు అధికారం అంటే తహసీల్దారు, పోలీసు. ఒకే సంస్కృత పదం వింధ్య దాటేసరికి, అడిగేవాడి చేతిలోంచి ఇచ్చేవాడి చేతిలోకి మారిపోయింది. ఏ భాషాశాస్త్రజ్ఞుడైనా దీని మీద ఒక వ్యాసం రాస్తే చదవాలని ఉంది.

మరి మన పెద్దలు ఏమన్నారు? ఐక్యరాజ్య సమితి 1948 డిసెంబరు 10న ఆమోదించిన మానవహక్కుల సార్వత్రిక ప్రకటనకు తెలుగు అనువాదం ఉంది. గ్రాంథికంలో ఉంది. అందులోని మొదటి అధికరణంలో ‘రైట్స్’కు వాడిన మాట హక్కులు కాదు, ‘స్వత్వములు’. ‘డిగ్నిటీ’కి వాడినది ‘ప్రతిపత్తి’. అనువాదకుడు ఎవరో గాని, కచ్చేరీ వాసన వేసే ‘హక్కు’ను వద్దనుకుని ధర్మశాస్త్రాల తలుపు తట్టాడు. అయితే స్వత్వమన్నా ఆస్తి మీది యాజమాన్యమే కదా. ఉర్దూ పొలం గట్టు దిగి సంస్కృత పొలం గట్టు ఎక్కినట్టయింది. ‘ప్రతిపత్తి’ గతి మరీ చిత్రమైనది. ఈనాటి పిల్లవాడికి ఆ మాట ‘స్వయంప్రతిపత్తి కళాశాల’లోనూ, కాశ్మీరు వార్తల్లోని ‘ప్రత్యేక ప్రతిపత్తి’లోనూ మాత్రమే తెలుసు. అది ఒక హోదా, ఎవరో ఇచ్చేది, మళ్ళీ తీసేసుకోగలిగేది. నేను మాత్రం చాలా ఏళ్ళు ‘డిగ్నిటీ’ అంటే ‘హుందాతనం’ అని రాయించాను. హుందాతనం మంచి బట్టలు కట్టుకున్నవారికి ఉండే గుణమని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ ప్రకటన గురించి మరొక్క సంగతి. ముసాయిదాలో ‘మెన్’ అని ఉన్నచోట ‘హ్యూమన్ బీయింగ్స్’ అని మార్పించినది భారత ప్రతినిధి హంసా మెహతా. ఇది చెబితే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఒకమ్మాయి, “మరి చివర బ్రదర్‌హుడ్ అని ఎందుకు వదిలేశారు సార్?” అంది. మన అనువాదంలోనూ భ్రాతృభావమే. మన రాజ్యాంగ పీఠికలోనూ సౌభ్రాతృత్వమే. నా దగ్గర జవాబు లేదు.

ఇక ‘అట్రాసిటీ’. 1989 నాటి చట్టాన్ని తెలుగులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అంటున్నాం. పత్రికలేమో అత్యాచారం అనే మాటను స్త్రీ మీద జరిగే ఒక్క నేరానికే కేటాయించాయి. కాబట్టి ఆ చట్టం పేరు చెప్పగానే మగపిల్లలు తలలు వంచుకుని నవ్వుకుంటారు, ఆడపిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. అప్పుడు చుండూరు గురించి చెప్పవలసి వచ్చేది. తెనాలి దగ్గరి ఆ ఊళ్ళో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. పాఠ్యపుస్తకంలో ఇదేదీ లేదు. ఒక మాటకు అర్థం చెప్పడానికి ఇంత చెప్పాలా అని ఒక సహోపాధ్యాయుడు నన్ను మందలించాడు. ఇంతకంటె తక్కువ చెప్పి ఆ మాటను ఎలా వివరించాలో ఆయనా చెప్పలేదు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ‘ఇల్లలకగానే’ మీలో చాలామంది చదివే ఉంటారు. చదువూ చలాకీతనమూ ఉన్న ఒకమ్మాయి పెళ్ళయ్యాక ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోతుంది. భర్తనడుగుతుంది, పనిమనిషినడుగుతుంది, ఎవరికీ తెలియదు. పుట్టింట ఉన్న సర్టిఫికెట్లలో పేరుంటుందని బయలుదేరుతుంది. చివరికి పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఒక పాత సంగతి జోడించేవాణ్ణి. ఆ రోజు కూడా జోడించాను.

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక సభ జరిగింది. గుడివాడ సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు దాని నిర్వాహకుల్లో ఒకరు. అధ్యక్షులు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ. ఆహ్వానంలో సభ పేరు పంచమ మహాజన సభ. పంచములంటే ఐదోవారు, నాలుగు వర్ణాల లెక్కలో పట్టనివారు. ఆ పేరు మాది కాదు, ఏ పురాణంలోనూ లేదు, ఈ నేలకు మేము ఆదివాసులం అని భాగ్యరెడ్డివర్మ వాదించారు. సభ తన పేరు తానే మార్చుకుంది. మొదలైనప్పుడు పంచమ సభ, ముగిసేసరికి ఆది ఆంధ్ర మహాజన సభ. ఆ మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారని చరిత్రకారులు రాశారు. వచ్చినవాళ్ళు కొండెక్కుతారేమోనని భయం.

ఐదేళ్ళకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పంచమ అన్నచోట ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయమని ఉత్తర్వు ఇచ్చింది. కోర్టుకెళ్ళి గెలిచినది కాదు. మూడు రోజులు ఒకచోట కూర్చుని, మమ్మల్ని ఇలా పిలవండి అని చెప్పడంతో మొదలైంది. హక్కు అనే మాటకు మా ప్రాంతంలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. అన్నట్టు ఆ అధ్యక్షుడికీ రెండు పేర్లే. తల్లిదండ్రులు పెట్టింది మాదరి భాగయ్య.

పాఠం అయ్యాక రివాజు ప్రకారం డైరీ రాయమన్నాను. శారదగా నిన్ను ఊహించుకుని ఆ రాత్రి నీ మనసులో మాట రాయి, అన్నది ప్రశ్న. పబ్లిక్ పరీక్షలో వచ్చే ప్రశ్నల్లాంటిదే. నలభై పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని దిద్దాను. ఒకమ్మాయి డైరీ చివర ‘శారద’ అని రాయలేదు. నాకు తెలియని మరో పేరు రాసింది, బైబిలు పేరు. ఎర్ర సిరాతో దానికి సున్నా చుట్టి, ‘ఎవరీవిడ?’ అని రాసి, అర మార్కు తగ్గించాను.

మర్నాడు ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా, “అది నేనేనండీ” అంది. “మీరు పిలిచేది బడిపేరండి.”

ఎందుకో నాకు అప్పుడు వెలిగింది. ముప్పై ఏళ్ళు డెల్టా పల్లెల్లో పనిచేసినవాడికి వెలగకూడనంత ఆలస్యంగా వెలిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారినట్టు కాగితం మీద ఉంటే మన రాష్ట్రంలో బి.సి. ‘సి’ కింద లెక్క. ఉపకారవేతనం, హాస్టలు సీటు, రేపటి ఉద్యోగం ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంటాయి. పల్లెలో ఈ సంగతి తెలియనివారు లేరు, పైకి అనేవారూ లేరు. బిడ్డను బడిలో వేసేటప్పుడు తండ్రి ఒక పేరు చెబుతాడు. ఆదివారం గుడిలో పాస్టరు మరో పేరు పిలుస్తాడు. దీనిని మోసమనేవారు ఉన్నారు. వారితో వాదించడానికి ఇది చోటు కాదు. అటువంటి తండ్రి ముందు పెట్టిన ప్రశ్న మాత్రం ఎవరి ముందూ పెట్టదగినది కాదని నా అభిప్రాయం.

“పదో తరగతి సర్టిఫికెట్లో ఏ పేరు వస్తుందండి?” అని అడిగింది.

అవి నామినల్ రోల్స్ పంపే రోజులు. హాజరుపట్టీలో ఉన్నదే వస్తుందని చెప్పాను. మార్చుకోదలిస్తే మీ నాన్నగారిని తీసుకురమ్మన్నాను.

“వద్దండి. కథలో ఆవిడ పేరు సర్టిఫికెట్లో ఉందని వెళ్ళింది కదండీ. నేనలా వెళితే నా పేరు ఉండదు కదా అని రాశానంతే.”

పాతికసార్లు ఆ పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాట నాకు తట్టలేదు. శారదకు సర్టిఫికెట్టు ఒక ఆశ. దాన్ని నమ్మడానికి ఆమెకు వీలుంది. ఈ పిల్లకు ఆ వీలు లేదు. నేను అన్నది మాత్రం ఇది: “పబ్లిక్ పరీక్షలో జవాబుపత్రం మీద ఏ పేరూ రాయకూడదమ్మా, నీది తెలిసిందంటే పేపరు పక్కన పెట్టేస్తారు.” అది నిబంధన, అబద్ధం కాదు. ఉపాధ్యాయుడికి ఏం చెప్పాలో తెలియనప్పుడు నిబంధన చెబుతాడు.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. అర మార్కు తిరిగి వేయలేదు. అడగలేదు గనుక వేయలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. ఇంగ్లీషు వాచకం వచ్చింది. అందులో నెల్సన్ మండేలా పాఠం ఉంది. ‘అపార్థైడ్’ అనే మాటకు తెలుగు ఏమిటని మా మేనకోడలు, ఆమె కూడా ఉపాధ్యాయినే, మొన్న ఫోన్‌లో అడిగింది. జాతివివక్ష అన్నాను. అంతకంటె దగ్గరిది ‘వెలి’ అని తరువాత తోచి మళ్ళీ ఫోన్ చేశాను. సత్యవతి గారి కథ వాచకంతో పాటు వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి జూన్‌లో మార్కుల జాబితా తీసుకోవడానికి వచ్చింది. ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చాయి. గుమస్తా రిజిస్టరు తిప్పి వేలు పెట్టిన చోట బడిపేరుతో సంతకం చేసింది. నోటు పుస్తకం తీసుకువెళ్ళడం మరిచిపోయింది, లేదా వదిలేసింది. డాబా మీద ఎండబెట్టిన వాటిలో అదీ ఉంది. ఎర్ర సిరా కొంచెం అలికింది. పేరు నీలి బాల్‌పెన్నుతో రాసింది కాబట్టి చెదరలేదు.