కుండలమ్మిన గొంతు

నెత్తిమీద చుట్టకుదురు సర్దుకోండి. దానిమీద కుండల గంప. ఫుంబా పల్లె నుంచి జాంజిబార్ పట్నం పదిహేను కిలోమీటర్లకు పైమాటే, ఎండ ముదరకముందే సగం దారి గడవాలి. ఇక్కడి నేలంతా పగడపు రాయి. మట్టి పల్చన. అడుగు తప్పితే అరికాలు చీరుకుపోతుంది. తోటల వైపు నుంచి గాలి మళ్లితే, చాపలమీద ఆరబోసిన లవంగాల ఘాటు ముక్కుకు తగులుతుంది.

మీ ముందు నడుస్తున్న మనిషి పేరు మ్తుమ్వా. బానిస అని ఆ పేరుకు అర్థం. పుట్టింది 1880లో. తండ్రి సాద్ న్యామ్వేజీ తెగవాడు, తల్లిది జిగువా తెగ. ఈ దీవిలో బానిసత్వాన్ని చట్టం 1897లో రద్దు చేసింది కానీ, చట్టం వచ్చినంత మాత్రాన పేర్లు మారవు. కుండలు చేయడం తల్లి దగ్గర నేర్చుకుంది. చదువు లేదు.

ఇళ్లు కనబడగానే ఆమె గొంతెత్తుతుంది. కుండలు, కుండలు అని అరవడం కాదు, పాడుతుంది. మన వీధుల్లో ఉప్పమ్మే మనిషి కేకకు ఇంటి లోపలివాళ్లు వాకిట్లోకి వచ్చినట్టే, ఇక్కడా తలుపులు తెరుచుకుంటాయి. మీరు మలుపు తిరగకముందే ఆ గొంతు నాలుగు ఇళ్లు దాటిపోయి ఉంటుంది. దానికి అంత దూరం పోయే శక్తి ఉందని దీవిలో అందరికీ తెలిసింది ఈ గంప వల్లనే.

1911లో ఆమె పల్లె విడిచి పట్నం చేరుతుంది. పట్నమంటే నిజానికి రెండు పట్నాలు. సముద్రం వైపు రాతి మేడలు, చెక్కడపు తలుపులు, సుల్తాను భవనం, అరబ్బుల, భారతీయ వ్యాపారుల ఇళ్లు. మధ్యలో ఒక సముద్రపు పాయ. దానికి అవతల ఙాంబో: మట్టి గోడలు, కొబ్బరాకు కప్పులు, విడుదలైన బానిసలు, కూలీలు, పడవ పనివాళ్లు. ఆమె చేరింది అక్కడికి.

తారబ్ అనే సంగీతం పాయకు ఇవతలి మేడలది. సుల్తాన్ బర్గాష్ తన హయాంలో ఒక సంగీతకారుణ్ణి పనిగట్టుకుని కైరోకు పంపి కానూన్ వాద్యం నేర్పించాడు. పాటలు అరబ్బీలో, పాడేది, వాయించేది మగవాళ్లు. 1905లో పెట్టిన ఇఖ్వానీ సఫా సంఘంలోనూ అంతే. ఆ సంఘం మనిషి అలీ ముహ్సిన్ ఈ కుండలమ్మి గొంతు విన్నాడు. కూర్చోబెట్టి పాట నేర్పాడు, వాద్యాలు నేర్పాడు. తర్వాత సుబైత్ బిన్ అంబర్, బుడా బిన్ స్వేదీ, మ్బరూక్, మాలిమ్ షాబాన్ ఆమెతో కలిశారు. పేరూ మారింది. మ్తుమ్వా పోయి సితి బింతి సాద్ అయింది. అమ్మగారు అన్నంత మర్యాద ఉన్న పేరది. పెద్దిళ్ల పెళ్లిళ్లకు పిలుపులు వచ్చాయి, సుల్తాను ఎదుట పాడింది. ఈ ఘనతల గురించి చాలామంది రాశారు. మిమ్మల్ని నేను తీసుకెళ్లాలనుకున్నది అక్కడికి కాదు.

రాత్రి భోజనాలయ్యాక ఙాంబోలోని ఆమె ఇంటికి రండి. పైగదిలో కచేరీ. కిరోసిన్ దీపం పొగకు గోడ నల్లబారింది. ఊద్ తంత్రుల్ని బిగించి చూస్తున్నారు, ఫిడేలు దానితో శ్రుతి కలుపుతోంది, డుంబక్ మీద వేళ్లు మెల్లగా మొదలయ్యాయి. చాపమీద చోటు లేదు, గుమ్మంలో నిలబడాల్సిందే. మెట్లమీద కాంగాలు కప్పుకున్న ఆడవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పాట పాత తారబే, మాట మాత్రం స్వాహిలీ. అరబ్బీ రాని ఈ జనానికి ప్రతి మాటా అర్థమవుతోంది. నచ్చిన చరణం దగ్గర ఒకామె లేచి, తాళానికి తగ్గట్టు అడుగులు వేస్తూ వెళ్లి, సితి చేతిలో నాణెం పెట్టి వెనక్కి వస్తుంది. ఇక్కడి పద్ధతి అది.

ఇప్పుడు కిజితి పాట మొదలైంది. మెట్లమీది గుసగుసలు ఆగిపోయాయి. కథ అందరికీ తెలుసు. దారెస్సలాం నుంచి ఒక ఆడమనిషి చుట్టపుచూపుగా దీవికి వచ్చింది. కిజితి అనేవాడు విందని చెప్పి రప్పించి, చెరిచి చంపేశాడు. సముద్రం దాటి అవతలి గట్టుకు పారిపోయాడు. కేసు కోర్టుకెక్కింది. జడ్జి వాణ్ణి పట్టి తెప్పించలేదు సరికదా, వాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లకే శిక్ష వేశాడు. విందుకు సారా తెచ్చారన్నది వాళ్లమీద మోపిన నేరం.

సితి ఎక్కడా గొంతు పెంచదు. ఏడుపు కలపదు. ఏం జరిగిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతుంది: వచ్చిన మనిషి, వెళ్లిన చోటు, చేసినవాడి పేరు, కోర్టు చేసిన పని. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరివాళ్లు గొంతు కలుపుతారు. కోర్టులో నోరు నొక్కేసిన సాక్ష్యాన్ని ఒక పేట మొత్తం కూర్చుని మళ్లీ వింటోంది. ఆమె ప్రతిభంతా నాకు ఈ గదిలోనే కనిపిస్తుంది. సుల్తాను మెచ్చిన గొంతు చాలామందికి ఉండి ఉండవచ్చు. చనిపోయిన పరాయి ఊరి మనిషి తరఫున నిలబడి, హంతకుడి పేరు పట్టుకుని పాడటానికి గొంతుతో పాటు గుండె కూడా కావాలి.

1928కి రండి. ఆ ఏడాది ఙాంబో ఉడికిపోతోంది. గుడిసె వేసుకున్న జాగాకు భూస్వాములు అడిగే అద్దె కట్టేది లేదని జనం సమ్మెకు దిగారు. అదే ఏడాది సితి బృందం బొంబాయికి ఓడెక్కింది. పిలిచింది గ్రామఫోన్ కంపెనీ, కొమ్ముబూర ముందు కుక్క కూర్చున్న బొమ్మ కంపెనీయే.

గదిలోకి నెమ్మదిగా నడవండి, చప్పుడు కాకూడదు. బొంబాయి ఉక్క. వీధి చప్పుడు రాకుండా కిటికీలు మూసేశారు. ఎదురుగా మైకు. లోపల యంత్రంమీద మందపాటి మైనపు పళ్లెం తిరగడానికి సిద్ధంగా ఉంది. సూది దానిమీద ఆనిన క్షణం నుంచి దగ్గు వచ్చినా, తంత్రి తెగినా ఆ పళ్లెం పనికిరాదు, ఇంకోటి పెట్టి మొదటి నుంచి పాడాల్సిందే. ఒక్కో వైపుకు దొరికేది మూడు నిమిషాల చిల్లర. ఙాంబో పైగదిలో ఈ పాటకు కాలపరిమితి లేదు. వినేవాళ్లు లేచి వెళ్లేదాకా సాగేది. ఏ చరణం ఉంచాలి, ఏది వదలాలి? నాణెం పట్టుకుని లేచి వచ్చేవాళ్లు ఇక్కడ లేరు, తల ఊపేవాళ్లు లేరు. గుర్తు ఇచ్చారు. ఊద్ మొదలైంది. చదువు రాని ఆ మనిషి మాటలన్నీ మనసులోనే పెట్టుకుని, ఒక లోహపు ముక్క వైపు చూస్తూ పాడింది. గ్రామఫోన్‌కు పాటలిచ్చిన తొలి తూర్పు ఆఫ్రికా మహిళ ఆమే.

రికార్డులు ఓడల్లో వెనక్కి వెళ్లాయి. ఇప్పుడు అవతలి గట్టున, ప్రధాన భూమి మీద, ఒక కాఫీ దుకాణం అరుగుమీద కూర్చోండి. ఇత్తడి కూజాలో అల్లం వేసిన కాఫీ మరుగుతోంది. దుకాణదారు కీ తిప్పి, సూది మార్చి, నల్ల పళ్లెం పెడతాడు. ఆ పళ్లెంలో కొంత భాగం మన దేశపు అడవుల్లో చెట్లకు పట్టే లక్కే. బరబరల వెనక నుంచి సితి గొంతు వస్తుంది. మాట్లాడుకుంటున్నవాళ్లు మాట ఆపుతారు. తమ మాట గ్రామఫోన్‌లో పలుకుతోంది! అంతవరకు ఆ యంత్రం అరబ్బీ పాడేది, హిందుస్తానీ పాడేది, ఇంగ్లీషు పాడేది. 1931 నాటికి ఆమె రికార్డులు 72,000 అమ్ముడుపోయాయి. ఓడియన్, కొలంబియా కంపెనీలు కూడా జాంజిబార్ గాయకుల కోసం వెతుక్కుంటూ వచ్చాయి. కిజితి దాటి పారిపోయిన నీళ్లను అతని పాట కూడా దాటింది, అతనెక్కడున్నా వినబడేంత దూరం.

గిట్టనివాళ్లు ఊరుకోలేదు. అందం లేదన్నారు, పల్లె నుంచి ముతక నల్లగుడ్డతో వచ్చిన మనిషన్నారు, గొంతే లేకపోతే తిండెక్కడిదన్నారు. అదే పాట కట్టి పాడారు. ఆమె కూడా పాటతోనే బదులిచ్చింది: మొహం ఎంత చక్కగా ఉన్నా బుద్ధి లేకపోతే ఏం లాభమని.

చివరి రోజుల్లో స్వాహిలీ మహాకవి షాబాన్ రాబర్ట్ ఆమె దగ్గర కూర్చుని జీవితమంతా చెప్పించుకున్నాడు. 1950 జూలై 8న ఆమె కన్నుమూసింది. అతను రాసిన ఆమె జీవితచరిత్ర స్వాహిలీ సాహిత్యంలో నిలిచిపోయింది. చిన్నప్పుడు ఆమె పాటలు విని నేర్చుకున్న బీ కిదుదే, 2013లో చనిపోయేదాకా ఆ పాటల్ని దేశదేశాల వేదికల మీద పాడింది, కిజితితో సహా. ఇక టాంజానియా మహిళా పాత్రికేయుల సంఘం తమ పత్రికకు పేరు వెతుక్కున్నప్పుడు ‘సౌతి యా సితి’ అని పెట్టుకుంది, సితి గొంతు అని. ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి, వాళ్లకు న్యాయం చేయని కోర్టుల గురించి అడగడం ఆ సంఘం పెట్టుకున్న పని.