గ్లారుసు గ్రామసంఘముల విలయము

సభలను నిర్మించు విధానమును దెలుపు శాసనములు మన దక్షిణదేశమునఁ గొన్ని ప్రసిద్ధములై యున్నవి. వానిలో మొదటి పరాంతకచోళుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో, ఉత్తరమేరూరునందుఁ జెక్కింపఁబడిన రెండు శాసనములను జరిత్రపరిశోధకు లెల్లరు నెఱుఁగుదురు. ఊరిని 30 భాగములుగ విభజించుట, అర్హుల పేళ్లు వ్రాసిన యోలలను గుండలో వేసి బాలునిచేఁ దీయించుట, లెక్క యొప్పగింపనివానిని మరల సభ్యునిగఁ జేర్చుకొనకుండుట మున్నగు నియమములు వానియందుఁ గలవు. సభ్యుఁ డెవ్వఁడు కాఁదగునో, యెవ్వఁడు కాఁదగఁడో యవి వివరముగఁ జెప్పుచున్నవి. కాని సభయే యుండవలెనా, వలదా యను ప్రశ్నము వానిలోఁ బుట్టలేదు. సభ్యులు మాఱుదురు గాని సభ మాత్రము నిలిచియుండునని యాకాలపువారి తలంపై యుండును.

ఆధునికకాలమున నీ ప్రశ్నము పుట్టినది. ఒక స్థానికసంఘమువలనఁ బ్రయోజనము లేదని తోఁచినప్పుడు దానిని రద్దు చేయు నధికార మెవరిది? ఆ సంఘములోని యోటరులదా? దానిని దనలో నిముడ్చుకొనిన విశాలదేశపు టోటరులదా? లేక చట్టము చేసి దానిని నెలకొల్పిన శాసనసభదా? ఈ మూఁడు పక్షములకును లోకమున నుదాహరణములు గలవు. అందు విశేషముగ విచారింపఁదగినది స్విట్జర్లండు దేశమందలి గ్లారుసునందు 2006 మొదలు 2011 వఱకు నడచిన వృత్తాంతము. దానిని ముందు తెలిపి, తక్కిన రెండు పక్షములను బిమ్మట దానితోఁ బోల్చి చూతము.

గ్లారుసు ఆల్ప్స్ పర్వతముల నడుమ లింత్ నది లోయయందున్న చిన్న రాజ్యము. స్విస్ సమాఖ్యలోని యిట్టి యంగరాజ్యములకుఁ గాంటనులని పేరు. దీని వైశాల్యము సుమారు 685 చదరపు కిలోమీటరులు. మనము చెప్పఁబోవు కాలమున జనసంఖ్య సుమారు 38,000. మన మండలములలోఁ బెక్కింటియందు నింతకంటె నెక్కువమంది కాపురముందురు. ఈ కాంటను 1352లో సమాఖ్యలోఁ జేరెను. 1388లో నేఫెల్సు యుద్ధమున హాబ్స్‌బర్గు ప్రభువుల సేన నోడించి తన స్వాతంత్ర్యమును స్థిరపఱచుకొనెను. 18వ శతాబ్దమునుండి యిచట నూలుబట్టల యద్దకము వృద్ధినొందఁగా, నదీతీరపు టూళ్లు పెరిఁగినవి. యూరోపుఖండమున నట్టి యద్దకపు బట్టలను హిందూదేశపుఁ బేరితోడనే వ్యవహరించుచుండిరి. మన మచిలీపట్టణము మొదలగు తీరములనుండి యెగుమతియైన చీటిగుడ్డలే వానికి మాతృకలని గ్రహింపవలెను.

ఈ కాంటనునందు శాసనాధికారము చివరకుఁ బౌరులందఱును గూడు సభయందే యున్నది. దానిని ‘లాండ్స్‌గెమైండె’ యందురు. దేశమహాసభ యని మనము చెప్పుకొనవచ్చును. దీని చరిత్రము 1387నుండి తెలియవచ్చుచున్నది. ఏటేట మేనెల మొదటి యాదివారమున గ్లారుసు పట్టణములోని విశాలమైన బయలునందుఁ బౌరులు వలయాకారముగ నిలిచి సభ తీర్తురు. లాండమ్మాన్ అను ప్రభుత్వాధ్యక్షుఁడు ఖడ్గము చేతఁబట్టి యధ్యక్షత వహించును. పౌరులు తమ యోటుచీటులను జేతులలోఁ బైకెత్తుదురు. వానిని లెక్కింపరు, ఏ పక్షము హెచ్చో యధ్యక్షుఁడు చూపుతో నిర్ణయించును, అతని నిర్ణయమే తుది. స్త్రీల కిందు 1971లో నధికారము లభించెను. 2007లో నోటరుల వయఃపరిమితి 16 ఏండ్లకుఁ దగ్గింపఁబడెను. పూర్వ మిట్టి సభలు పెక్కు కాంటనులయందుండెను. నేఁడు గ్లారుసునందును, అపెంజెల్ ఇన్నర్‌రోడెనునందును మాత్రమే నిలిచియున్నవి.

ఈ సభకు గల యొక నియమమును బాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ప్రభుత్వము తెచ్చిన ప్రతిపాదమున కవుననియో కాదనియో చెప్పుటతో నిచటి పౌరుని యధికారము ముగియదు. సభలో నున్న యే పౌరుఁడైనను వేదిక యెక్కి సవరణ ప్రతిపాదింపవచ్చును. సభ యంగీకరించెనేని యదియే చట్టమగును. యంత్రశాలలలోని పనివారికి దినమునకుఁ బండ్రెండుగంటలకు మించి పని యుండరాదని 1864లో విధించిన చట్టమును జేసినది యీ సభయే. కావునఁ గ్రొత్తమార్గముఁ ద్రొక్కుట దాని కలవాటు లేని పని గాదు.

ఇఁకఁ బ్రస్తుతవిషయము. ఆ చిన్నదేశమున 2006 నాఁటికి 25 గ్రామసంఘము లుండెను. అవిగాక పాఠశాలలకు వేఱు సంఘములు, దీనుల పోషణమునకు వేఱు సంఘములు, వంశపారంపర్యముగ హక్కుగల పౌరులకు వేఱు సంఘములు నుండెను. అన్నియుఁ గలిపి సుమారు 70 సంఘములు. ఒకే యూరివాఁడు మూఁడు నాలుగు సంఘములలో సభ్యుఁడై, వానికి వేర్వేఱుగఁ బన్ను చెల్లించి, వాని సమావేశములకు వేర్వేఱుగఁ బోవలసియుండెను. కొన్ని చిన్నయూళ్లలో నుద్యోగములు వహించుటకుఁ దగినవారు దొరకుట దుర్లభమయ్యెను. కొన్నింటికి ధనము చాలకపోయెను. గ్రామాభిమాన మెంత గాఢమైనను, దారులు వేయుటకును బడులు నడపుటకును నభిమాన మొక్కటియే చాలదు గదా!

ఈ స్థితిని జక్కఁబెట్టుటకుఁ బ్రభుత్వము 25 సంఘములను 10గాఁ గూర్పవలెనని యుద్దేశించెను. కాంటనులోని ప్రతినిధిసభయు దాని కంగీకరించెను. 2006 మే 7వ తేదీన నీ ప్రతిపాదము దేశమహాసభ యెదుటికి వచ్చెను. అప్పు డొక సామాన్యపౌరుఁడు పైఁ జెప్పిన నియమము ననుసరించి లేచి, పదికి బదులు మూఁడే చాలునని సవరణఁ ప్రతిపాదించెను. ప్రభుత్వమువా రంతవఱకు సాహసింపలేదు; ప్రతినిధులును గోరలేదు. అయినను సభ యా సవరణమునే యంగీకరించెను. ఉత్తరభాగమున నొకటి, నడుమ నొకటి, దక్షిణభాగమున నొకటి—ఈ మూఁడు సంఘములు మాత్రమే యుండవలెనని నిర్ణయమయ్యెను.

పిమ్మటఁ గలకలము పుట్టినది. ఒక్కయుదయమున, చేతు లెత్తించి, లెక్కింపక, యెన్నఁడో పుట్టిన యూళ్ల స్వాతంత్ర్యమును రద్దుచేయుట తగునా యని వ్యతిరేకు లాక్షేపించి, పునర్విచారము కావలెనని పట్టుపట్టిరి. 2007 నవంబరు 25వ తేదీన నసాధారణ సభ కూడెను. చలికాలమైనను బౌరులు మెండుగ వచ్చిరి. ఏడాదిన్నర కాలము ప్రతి యింటను ప్రతి యంగడియందును జర్చింపఁబడిన పిదప జరిగిన యీ రెండవ నిర్ణయమున, వెనుకకుఁ బోవలదనియే హెచ్చుమంది చేతు లెత్తిరి. 2011 జనవరి 1వ తేదీనుండి క్రొత్తయేర్పాటు నడచుచున్నది. ఉత్తరగ్లారుసులో 8 పూర్వసంఘములు, గ్లారుసులో 4, దక్షిణగ్లారుసులో 13 లీనమయ్యెను. దక్షిణగ్లారుసు అప్పటికి వైశాల్యమున స్విట్జర్లండులోని గ్రామసంఘము లన్నింటికంటెఁ బెద్దది. పాఠశాలల పని యీ మూఁడు సంఘములలోఁ గలిసెను. దీనుల పోషణభారమును గాంటనే వహించెను.

వ్యాకరణశాస్త్రము చదివినవారి కిచట నొక పోలిక స్ఫురింపకమానదు. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కనఁ జేరును; ఆదేశము శత్రువువలె వచ్చి యున్నదానిని ద్రోసి దాని చోటఁ గూర్చుండును. ఆ మూఁడు సంఘములు 25కు నాదేశములు. అయిన నాదేశము స్థానియొక్క ధర్మములను గ్రహించునని గదా పాణినీయుల మతము! అట్లే పూర్వసంఘముల యాస్తులు, అప్పులు, దారులు, బడులు క్రొత్తవానికి సంక్రమించినవి. ఎల్ము, లింతాలు, మోలిసు మొదలగు నూళ్ల పేళ్లును బోలేదు. అవి సంఘనామములుగా మాని స్థలనామములుగా నిలిచినవి. కావున లోపించినది ఊరు గాదు, ఊరి యధికారము. ఈ భేదమును విడిచిన చర్చ యెల్ల వ్యర్థవాదమగును.

కాని యధికారము పోవుట స్వల్పవిషయమా? ఇచట నొక గట్టి యాక్షేపము గలదు. నిర్ణయము చేసినవారు కాంటనులోని యోటరు లందఱు. ఒక్కొక్క యూరివారి నభిప్రాయము వేఱుగ నడుగలేదు. ఏ యూరికిని నిరాకరించు హక్కు లేకపోయెను. కొండపైని చిన్నయూరివా రందఱును వలదనినను, పట్టణమువారును దక్కినవారును గలిసి దానిని రద్దు చేయఁగలరు. చిన్నదానిని బెద్దది మ్రింగుట న్యాయమా యని యడిగినవారికి, గ్రామసంఘములకుఁ బరిమితిని విధించు రాజ్యాంగము కాంటనుదే గనుక నది కాంటనుపౌరు లెల్లరి కార్యమని సమాధానము. ఈ సమాధానము చట్టమునకుఁ జాలును, మనస్సునకుఁ జాలదు.

దీనికి విపరీతమైన పద్ధతి అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందుఁ గలదు. అచట ‘టౌను’ అను పెద్దసంఘములోపల ‘విలేజి’ యను చిన్నసంఘ ముండవచ్చును. విలేజి నుంచుటయో, రద్దుచేయుటయో విలేజిలోని యోటరులదే యధికారము. స్త్రీల హక్కులకై 1848లో సభ జరిగిన చోటని ప్రసిద్ధికెక్కిన సెనెకా ఫాల్సు విలేజి 1831లో నేర్పడినది. 2010లో దాని యోటరులు దానిని రద్దు చేయుటకు సమ్మతింపఁగా 2011 సంవత్సరాంతమున నది టౌనులో లీనమయ్యెను. ఇచటఁ జిన్నదానిని బెద్దది మ్రింగలేదు. చిన్నదే తన్నుఁ దాను రద్దు చేసికొనినది. కాని యీ పద్ధతికిని దోషము లేకపోలేదు. విలేజి పోఁగానే దాని పనుల భారము టౌను మొత్తముమీఁదఁ బడును. విలేజికి వెలుపల నున్న టౌనువారి కా యోటు లేదు. భారములో మాత్రము పాలు గలదు. ఒకచోట నష్టపోవు నూరిని వేఱుగ నడుగరు. మఱియొకచోట భారము మోయు పొరుగువాని నడుగరు.

మూఁడవ పక్షము మనది. రిప్పన్ ప్రభువు 1882లోఁ జేసిన తీర్మానమును బట్టి చెన్నరాజధానిలో 1884 నాఁటి చట్టముచే జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను అను మూఁడంతరువు లేర్పడెను. అప్పు డా రాజధానిలోనున్న యాంధ్రజిల్లాలకును నది వర్తించెను. 1934లో నడిమిదగు తాలూకాబోర్డు రద్దయ్యెను. ఆంధ్రప్రదేశ మేర్పడినపిదప 1959లో నా నడిమి యంతరువే పంచాయతీసమితి యను పేర మరలఁ బుట్టెను. జిల్లాబోర్డు జిల్లాపరిషత్తుగ మాఱెను. 1986 నాఁటి చట్టముచే సమితులు పోయి, వానికంటెఁ జిన్నవియు సంఖ్యలో వేయికి మించినవియు నగు మండలప్రజాపరిషత్తు లేర్పడెను. గ్లారుసువారు పెక్కింటిని గొన్నింటిగఁ జేయఁగా, మనము కొన్నింటిని బెక్కింటిగఁ జేసితిమి. రెంటికిని దగిన హేతువు లుండవచ్చును. గమనింపవలసిన దేమనఁగా, 1934లోఁ గాని, 1959లోఁ గాని, 1986లోఁ గాని ఈ యంతరువు నుంతుమా, మాన్పుదుమా, మార్తుమా యని యోటరుల నడిగినవారు లేరు. పుట్టించినదియు శాసనసభయే; పోఁగొట్టినదియు శాసనసభయే.

1992లోఁ జేయఁబడి 1993లో నమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణము మూఁడంతరువులకు రాజ్యాంగరక్షణము నిచ్చినది. ఇరువది లక్షలకు మించని జనసంఖ్య గల రాష్ట్రములు దప్పఁ దక్కినవి నడిమి యంతరువును మానరాదు. కావున 1934 నాఁటివలె నొక రాష్ట్రశాసనసభ దానిని మొత్తముగఁ దీసివేయుట కవకాశము లేదు. ఇది మేలే. కాని చేయరాదని నిషేధించుట వేఱు, చేయవలయునా యని ప్రజల నడుగుట వేఱు. అదే సవరణము గ్రామసభకును రాజ్యాంగమునఁ జోటిచ్చినది. ఓటరు లందఱును గూడు సభ పుస్తకమందైన మనకును గలదు.

గ్లారుసు నిర్ణయము సరియైనదా యని తీర్పు చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము గాదు. ఆ లోయలోని వారే దాని ఫలమును దెలియుదురు. మనకు ముఖ్యములైనవి మూఁడు: పౌరుఁడు ప్రభుత్వప్రతిపాదమును మార్పఁగలిగెను, ఓడినవారు మరల విచారింపుఁడని యడుగఁగలిగిరి, రెండవసారి యడిగినపిదపనే క్రొత్తసంఘములు నడవసాగినవి. సభ చావు సభికుల యెదుట, వారి చేతులమీఁదుగ జరిగినది. అందుచే నోడినవారికి దుఃఖము మిగిలియుండవచ్చును గాని, తమ్ము నడుగలేదన్న నింద మిగులలేదు.

మన పాఠశాలలలో స్థానికస్వపరిపాలనమును బోధించునప్పుడు సంఘనిర్మాణమును, సభ్యసంఖ్యను, ఎన్నికల విధమును జెప్పి ముగించుట వాడుక. ఒక సంఘ మెట్లు పుట్టునో చెప్పిన పిదప నది యెట్లు పోవునో, ఎవరి మాటపైఁ బోవునో చెప్పనిచో నా పాఠ మసమగ్రము. ఉత్తరమేరూరు శాసనకర్తలు వ్రాయక విడిచిన యీ యధ్యాయమును గ్లారుసువారు తమకుఁ దాము వ్రాసికొనిరి. మన యధ్యాయమును వ్రాయవలసినవారు మన యోటరులే గనుక, దాని నక్షరాభ్యాసము బడిలోనే జరుగుట యుక్తమని విద్వాంసులు విచారింతురు గాక.