కోలారు కనకము, లావెల్ దొర స్మృతి

బెంగళూరు కంటోన్మెంటులో సంపన్నుల నివాసములతోను, అంగళ్లతోను వెలయు ఒక వీధికి లావెల్ రోడ్డని పేరు. ఐర్లండు జాతీయుడై, న్యూజిలాండునందు మావోరీలతో జరిగిన యుద్ధములలో సైనికుడుగా పోరాడి, పిదప ఈ కంటోన్మెంటున స్థిరపడిన మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ పేరది. అయినను ఆయనను స్మరింపవలసిన చోటు, ఆ వీధికి దాదాపు నూఱు కిలోమీటర్లు తూర్పున, బంగారము తీయగా మిగిలిన సైనైడ్ మన్నుదిబ్బల నీడలో నున్న కోలారు బంగారు గనుల భూమియే యని నా దృఢవిశ్వాసము.

లావెల్ దొర కోలారు బంగారమును కనిపెట్టెనని చెప్పుట సత్యమునకు దూరము. టిప్పు సుల్తాను పతనానంతరము మైసూరు సరిహద్దులను కొలుచుటకై 1802లో ఈ ప్రాంతమునకు వచ్చిన జాన్ వారెన్ అను సైన్యాధికారి, ఇచ్చటి నేలలో పసిడి కలదను జనశ్రుతి విని, దానిని చూపినవారికి బహుమానమిత్తునని చాటింపగా, ఊరిగాము, మారికుప్పము పరిసరముల గ్రామస్థులు బండ్లకొలది మన్ను తెచ్చి, ఆయన యెదుటనే నీట కడిగి, అడుగున మిగిలిన కనకరేణువులను చూపిరి. తెలుగును కన్నడమును మాటలాడు ఈ సీమ ప్రజలకు తరతరములుగా అబ్బిన విద్య యది. వారెన్ చేసినది దానిని కాగితముపై నెక్కించుట. ఆ గ్రామస్థులలో ఒక్కని పేరైనను నేడు ఏ వీధికిని లేదు.

వారెన్ నివేదిక దశాబ్దములు మరుగుపడియుండగా దానిని చదివి నమ్మినవాడు లావెల్. 1871లో ఎద్దుబండిపై అఱువది మైళ్లు పయనించి కోలారు చేరి, పాత గుంతలను పరిశీలించి, 1873లో మైసూరు ప్రభుత్వమును అనుమతి వేడి, 1875లో ఇరువది యేండ్ల హక్కును సంపాదించి, ఊరిగాము దాపున గనిని త్రవ్వించెను. అనుకూలించినది ధైర్యమే గాని ధనము కాదు. రాతిని పగులగొట్టుటకు వలయు మూలధనము తనవద్ద లేమిచే 1877లో తన హక్కులను బెరెస్‌ఫర్డ్ మొదలగు సైనికాధికారుల కూటమికి అప్పగింపవలసి వచ్చెను. 1880లో లండనునుండి జాన్ టేలర్ సంస్థవారు వచ్చి, ఆధునిక యంత్రములతో గనులను నడిపి విశేషలాభమును గడించిరి.

ఆపైన జరిగినది బృహత్కథ. 1902లో శివసముద్రము జలపాతమునుండి 92 మైళ్ల తీగపై విద్యుత్తు ఈ గనులకు చేరెను. బెంగళూరు వీధులలో దీపములు వెలుగుట అటుపిమ్మటి మాట. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి ప్రపంచమునందలి అగాధమైన గనులలో నొకటిగా పేరొందెను. ఆ లోతులలో దేహమును కాల్చు వేడిమియు, శిల తనంత తాను బ్రద్దలై మనుష్యుని కప్పివేయు విస్ఫోటములును నిత్యభయములు. ఆ భయమును భరించినవారిలో అధికులు ఉత్తర ఆర్కాటు సీమనుండి వచ్చిన కూలీలు (నేటి చిత్తూరు భూములు గూడ నాడు అందులోనివే). వారిలోను పెక్కుమంది అస్పృశ్యులని ఊరివెలుపల నుంచబడినవారు. ఇట్టివారే 1930లో, తమ వ్రేలిముద్రలు తీసికొనుట తమను నేరస్థులుగా ఎంచుటయేయని ధిక్కరించి సమ్మె సలిపిరి. ఈ ఘట్టము చరిత్రగ్రంథములలో ఇంతకంటె పెద్ద స్థానమునకు అర్హమైనది. 1956లో ప్రభుత్వపరమైన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను.

ఐర్లండు విడిచి దూరదేశములలో ప్రజాజీవనమున ప్రసిద్ధులైన వారిని గూర్చి ఐర్లండులోని ప్రదర్శనశాలలు ఉపన్యాసములును, ప్రదర్శనలును జరుపుట కలదు. కోలారునందును అట్లే లావెల్ పేర ఒక దినము ఏర్పఱుపవచ్చును, ఏర్పఱుపవలెను గూడ. కాని ఆ దినమున వారెన్ నివేదికయు, లావెల్ పొందిన హక్కుపత్రపు ప్రతియు, మన్ను కడిగిన గ్రామస్థుల పనిముట్టుల నమూనాలును ఒకే బల్లపై నుండవలెను. వివరణములు తెలుగునను, కన్నడమునను, తమిళమునను వ్రాయింపవలెను. పాతాళమున పనిచేసిన వృద్ధులు ఇంకను మన నడుమ నుండగానే, విస్ఫోటము వినిపించినపుడు తామెట్లు పరుగిడిరో వారి నోటనే చెప్పించి, ఆ స్వరములను లావెల్ చిత్తరువు ప్రక్కనే భద్రపఱుపవలెను.