క్రియ నుంచి నామం: ఎవే భాషా వ్యాకరణం చెప్పే చరిత్ర

శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు చరిత్ర రచనకు ఆధారాలని మీకు తెలుసు. ఒక భాష వ్యాకరణం కూడా అలాంటి ఆధారమే కాగలదా? ఈ భాగంలో పశ్చిమాఫ్రికాకు చెందిన ఎవే భాషలో క్రియలు నామాలుగా మారే పద్ధతిని పరిశీలిద్దాం. వలస పాలన కాలంలో ఆఫ్రికా భాషల గురించి ఐరోపా వారికి ఉన్న ఒక అపోహను ఆ పద్ధతి ఎలా ఖండిస్తుందో తెలుసుకుందాం.

1. ప్రాంతం, ప్రజలు

ఎవే భాషను ఘనా ఆగ్నేయ భాగంలోను, టోగో దక్షిణ భాగంలోను మాట్లాడతారు. ఘనాలో ఆకన్ భాషల వారితో పోలిస్తే ఎవేలు అల్పసంఖ్యాకులు. 1884లో జర్మనీ టోగోలాండ్‌ను తన వలసగా ప్రకటించింది. పశ్చిమాన ఉన్న ఎవేలు బ్రిటిష్ గోల్డ్ కోస్ట్ పాలన కింద ఉండిపోయారు. 1914లో జర్మన్ పాలన ముగిసిన తరవాత టోగోలాండ్‌ను బ్రిటన్, ఫ్రాన్సు పంచుకున్నాయి. 1956 నాటి ప్రజాభిప్రాయ సేకరణ ఫలితంగా బ్రిటిష్ భాగం గోల్డ్ కోస్ట్‌తో కలిసి, 1957లో స్వతంత్ర ఘనాలో భాగమైంది. ఆ విధంగా ఒకే భాష మాట్లాడేవారు రెండు దేశాల పౌరులయ్యారు. ఘనాలో అధికార భాష ఇంగ్లీషు, టోగోలో ఫ్రెంచి.

2. క్రియ నామంగా మారే తీరు

తెలుగులో 'చదువు' ధాతువు నుంచి చదవడం, చదివేవాడు వంటి రూపాలు ఏర్పడతాయి. ధాతువుకు ప్రత్యయాలు చేర్చి వీటిని సాధిస్తాం. ఎవే భాష ప్రత్యయాలతో పాటు మరొక సాధనాన్ని వాడుతుంది. అది ద్విరుక్తి, అంటే ధాతువును రెండుసార్లు పలకడం.

'డు' అంటే తిను. 'డుడు' అంటే తినడం. (తెలుగులో వలెనే ఎవేలో ద, డ వేరువేరు ధ్వనులు.) 'లొఁ' అంటే ప్రేమించు, 'లొలొఁ' అంటే ప్రేమ. ఇక్కడ అరసున్న అనునాసిక అచ్చును సూచిస్తుంది. ద్విరుక్తిలో మొదటి భాగం తన అనునాసికతను కోల్పోవడం గమనించండి. సంయుక్తాక్షరం ఉన్న ధాతువులో మొదటి భాగం మరికొంత తేలికవుతుంది. 'స్రొఁ' అంటే నేర్చుకొను. దాని ద్విరుక్త రూపం 'సొస్రొఁ'.

రెండో విశేషం పదక్రమానికి సంబంధించినది. ఎవే వాక్యంలో సాధారణంగా క్రియ ముందు, కర్మ తరవాత వస్తాయి. 'వొ దొ' అంటే పని చేయు. వొ అంటే చేయు, దొ అంటే పని. ఈ పదబంధం నామంగా మారేటప్పుడు కర్మ ముందుకు వస్తుంది: 'దొవొవొ', పని చేయడం. కర్తను చెప్పాలంటే ద్విరుక్తి అవసరం లేదు, 'ల' ప్రత్యయం చాలు: 'దొవొల', పనివాడు. స్థలాన్ని చెప్పాలంటే 'ఫె' చేరుతుంది: 'దొవొఫె', పని చేసే చోటు. ఒక్క క్రియాబంధం నుంచి పని, మనిషి, చోటు మూడింటికీ పేర్లు వచ్చాయి.

3. మిషనరీలు, వ్యాకరణాలు

ఉత్తర జర్మన్ మిషన్ 1847లో ఎవే ప్రాంతంలో పని ప్రారంభించింది. ఈ సంస్థకు చెందిన బెర్న్‌హార్డ్ ష్లేగెల్ 1857లో, ఆన్లో మాండలికం ఆధారంగా, ఎవే వ్యాకరణాన్ని ప్రచురించాడు. తెలుగులో చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది కూడా దాదాపు ఆ కాలంలోనే. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో టోగోలో పనిచేసిన డీడ్రిచ్ వెస్టర్‌మన్ ఎవే నిఘంటువును 1905-06లో, విస్తృతమైన వ్యాకరణాన్ని 1907లో తెచ్చాడు.

19వ శతాబ్దపు ఐరోపాలో ఒక అభిప్రాయం బలంగా ఉండేది: ఆఫ్రికా భాషలకు కంటికి కనిపించే వస్తువుల పేర్లే ఉన్నాయి, అమూర్త భావాలను చెప్పే శక్తి లేదు. వలస పాలనను 'నాగరికత నేర్పడం'గా సమర్థించుకోవడానికి ఇది ఉపకరించింది. అయితే మత బోధనకు, పాఠశాలలకు పుస్తకాలు రాయవలసి వచ్చినప్పుడు మిషనరీలకు ఎదురైనది వేరు. ప్రేమ, బోధన, అభ్యసనం వంటి మాటలను వారు కొత్తగా కల్పించనక్కరలేదు. క్రియను నామంగా మార్చే సూత్రాలు భాషలోనే సిద్ధంగా ఉన్నాయి. 'ఫియా ను' అంటే బోధించు. బోధన 'నుఫియాఫియా', ఉపాధ్యాయుడు 'నుఫియాల'. 'స్రొఁ ను' అంటే నేర్చుకొను, నేర్చుకునేవాడు 'నుస్రొఁల'. క్రీస్తు శిష్యులకు ఎవే బైబిల్ ఈ మాటనే వాడింది. తెలుగు అనువాదకులు సంస్కృతం నుంచి వచ్చిన 'శిష్యుడు' వాడగా, ఎవే అనువాదకులు భాషలోని క్రియనే ఆశ్రయించారు.

ఈ మిషన్‌కు 1862 నుంచి 1900 వరకు నాయకత్వం వహించిన ఫ్రాంజ్ మైకేల్ జాన్, పాఠశాలల్లో ఎవే భాషే ఉండాలని పట్టుబట్టాడు. జర్మన్ నేర్పాలన్న ప్రభుత్వ ఒత్తిడిని ఎదిరించాడు. మిషన్ ఉద్దేశం మత ప్రచారమే. అయినా దాని వల్ల ఎవే రాతభాషగా నిలదొక్కుకుంది. పుస్తకాల మీద పేర్లు జర్మన్లవి. వాటిలోని మాటలు, ఆ మాటలు సరైనవో కావో చెప్పే తీర్పు ఎవేలవి. స్వాతంత్ర్యం తరవాత ఈ పరిస్థితి మారసాగింది. ఎవే మాతృభాషగా గల ఘనా భాషా శాస్త్రవేత్త గిల్బర్ట్ ఆన్స్రే 1963లో ఎవే ద్విరుక్తిపై పరిశోధనా వ్యాసం ప్రచురించారు.

4. సారాంశం

ఎవే భాష ద్విరుక్తి, కర్మను ముందుకు తేవడం, 'ల', 'ఫె' ప్రత్యయాల ద్వారా క్రియల నుంచి నామాలను సృష్టిస్తుంది. ఈ సూత్రాలు మిషనరీలు ఇచ్చినవి కావు, వారు చూసి నమోదు చేసినవి. భాషకు భావశక్తి లేదన్న వాదానికి వారి గ్రంథాలే సమాధానంగా మిగిలాయి. ఒక భాష బడిలో, కార్యాలయంలో వినిపించకపోతే అందుకు కారణం ఆ భాష వ్యాకరణంలో కాక, అధికారం ఎవరి చేతిలో ఉందన్న విషయంలో వెతకాలి.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి

1. 'దొవొవొ', 'దొవొల', 'దొవొఫె' పదాల నిర్మాణాన్ని వివరించండి.
2. మిషనరీల వ్యాకరణాలు ఆనాటి ఐరోపా అభిప్రాయాన్ని ఎలా ఖండించాయి?