మణుగు, మన్, కిలో

మస్కట్‌లో మనం పెట్రోలు లీటర్లలో పోయించుకుంటాం. ఆ పెట్రోలుకు మూలమైన ముడిచమురును ఒమాన్ 1967 నుంచి పీపాల లెక్కన ఎగుమతి చేస్తోంది. పీపా అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, ఇంచుమించు 159 లీటర్లు. బియ్యం కిలోల్లో, టీవీ అంగుళాల్లో, ప్లైవుడ్ అడుగుల్లో, ఏ.సి. టన్నుల్లో. (ఈ టన్ను యంత్రం బరువు కాదు సుమండీ! ఒక అమెరికన్ టన్ను మంచును 24 గంటల్లో కరిగించగల శక్తి.) ఇన్ని కొలతల మధ్య బ్రతుకుతున్న మనకు మెట్రిక్ పద్ధతి మేలా, ఆంగ్లేయుల అడుగు-పౌను పద్ధతి మేలా అన్న ప్రశ్న రాక తప్పదు.

పదితో లెక్క సులువు కనుక కిలో గెలిచిందని చిన్నప్పుడు బడిలో చెప్పారు. అది సగం నిజమే. లెక్క రాసుకునేవాడికి పది సులువు. పంచుకునేవాడికి మాత్రం పది అంత మంచి సంఖ్య కాదు. పదిని ముగ్గురికి పంచలేము, నలుగురికీ పంచలేము. పన్నెండు అంగుళాల అడుగును, పదహారు అణాల రూపాయిని కల్పించినవారు తెలివితక్కువవారేమీ కారు.

దీనికి ఒమాన్‌లోనే చక్కని తార్కాణం ఉన్నది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ మనలో చాలామంది చూసే ఉంటారు. ఇలాంటి ఐదు ఫలజ్ కాలువలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ కాలువల నీటిని ఘనపుటడుగుల్లో కాక కాలంతో కొలుస్తారు. పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి వంతులు నడిచేవి. సుమారు అరగంట పారుదల ఒక 'అథర్'. 24 అథర్‌లు ఒక 'బద్దా', అంటే సగం రోజు. అథర్‌ను మళ్ళీ 24 భాగాలు చేస్తారు. ఖర్జూరాలు తూచే ఒమానీ 'మన్' సుమారు నాలుగు కిలోలు. దానిలోనూ 24 'కియాస్'లు!

ఎందుకు ఈ ఇరవై నాలుగు? ఇస్లామీయ వారసత్వ ధర్మంలో సగం, పావు, ఎనిమిదో వంతు, మూడో వంతు, ఆరో వంతు, మూడింట రెండు వంతులు వస్తాయి. ఇవన్నీ శేషం లేకుండా తెగే అతి చిన్న సంఖ్య 24. 24 అథర్‌ల నీటివాటా గల రైతు మరణిస్తే భార్యకు 3, తల్లికి 4, మిగిలిన 17 బిడ్డలకు. వారసత్వం కోసమే ఈ సంఖ్యను ఎన్నుకున్నారని నేననను గాని, సౌకర్యం మాత్రం కంటికి కనబడుతూనే ఉన్నది. ఇదే నీటిని పది భాగాలు చేసి ఉంటే తగవు తీర్చడానికి కాజీకి తీరిక ఉండేది కాదు.

మన పెద్దలది మరొక దారి. వారు సగాలు చేసుకుంటూ పోయారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. త్రాసు లేని ఇంట్లో కూడా దేన్నయినా సగం చేయవచ్చు. సగాన్ని మళ్ళీ సగం చేయవచ్చు. రూపాయిలో పావలా, బేడ, అణా, కాని వరకు ఇదే వరుస. నాల్గవ వంతు, పదహారో వంతు, అరవై నాల్గవ వంతు రాయడానికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన గుర్తులే ఉండేవి. కరణాల లెక్కల్లో అణగిపోయిన ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరి మళ్ళీ వెలుగు చూశాయి.

మరి ఇంత అనుకూలమైనవి ఎందుకు పోయాయి? వాటి దోషం పదిలోనో పదహారులోనో లేదు. కుంచం ఎవరిది అన్నదానిలో ఉన్నది.

ఊరు మారితే కొలత మారేది. మన మణుగు, ఇక్కడి మన్, ఇంగ్లీషువారి మౌండు పేరుకు ఏకోదరులు. మన బారువకు, అరబ్బు వర్తకుల 'బహార్'కు మూలం సంస్కృత 'భార' శబ్దమే. పేరు ఒకటే గాని బరువు రేవుకో తీరు. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. రైల్వే మణుగు 37 కిలోల పైచిలుకు. కోస్తాలో తూకపు శేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు. హైదరాబాదు పక్కా శేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైన రోజున భాష ఒకటే, శేరు మాత్రం రెండు. మోటుపల్లి రేవుకు వచ్చే విదేశీ వర్తకులకు అభయమిస్తూ కాకతి గణపతిదేవుడు పదమూడవ శతాబ్దంలోనే సరుకు సరుకుకూ సుంకం ఇంత అని రాతిమీద చెక్కించాడు. ఓడ వర్తకుడికి శాసనం దొరికింది. కళ్ళంలో కూలివాడికి దొరకలేదు.

ఆ కూలివాడి సంగతే అసలు సంగతి. ధాన్యం అప్పిచ్చేటప్పుడు చిన్న కుంచం, వసూలు చేసేటప్పుడు పెద్ద కుంచం తెచ్చే ఆసాములు ఉండేవారని పాతవారు చెప్పేవారు. కుంచం ఒకటే అయినా ఇచ్చేటప్పుడు అంచుదాకా గీసి, తీసుకునేటప్పుడు పైన గోపురంలా పోయించి కొలవవచ్చు. రోజంతా కోత కోసినవాడికి ఎదురుగా కొలతపాత్ర పెట్టుకుని కూర్చున్నవాడే న్యాయమూర్తి. సరిచూసుకుందామంటే వేరొక కుంచం ఏదీ?

కిలోరాయి మీద సర్కారు ముద్ర ఉంటుంది. సంతలో సందేహం వస్తే ప్రక్క దుకాణంలో తూయించుకోవచ్చు. నా దృష్టిలో మెట్రిక్ పద్ధతి చేసిన మహోపకారం ఇది. దశాంశం తర్వాతి మాట. ఆంగ్లేయుల పౌనుకే అంతటా ముద్ర వేసి అమలు చేసినా ఇందులో చాలా భాగం సమకూరేదే. కాని వారి గ్యాలన్ ఒకటి, అమెరికావారి గ్యాలన్ ఒకటి!

మార్పు సుఖంగా జరగలేదు. భారతదేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు, 1958 అక్టోబరు 1న మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి. అణాకు ఆరుంపావు నయా పైసలు. పావు పైసా నాణెం లేదు కనుక అణా సరుకుకు ఆరు, మూడణాల సరుకుకు పందొమ్మిది. మూడుసార్లు విడివిడిగా కొంటే పద్దెనిమిది, ఒకేసారి కొంటే పందొమ్మిది! ఆ ఒక్క పైసా మీద ఎన్ని పోట్లాటలో.

ఆ రూపాయి కథ ఒమాన్‌కూ చెందినదే. 1970 వరకు మస్కట్‌లో మన రూపాయలు, 1959 తర్వాత రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరుగా వేసిన నోట్లు చెల్లేవి. అంతకు చాలా ముందే, 1890లలో, సుల్తాను ఫైసల్ బిన్ తుర్కీ పావు అణా రాగి నాణేలు కొట్టించాడు. రూపాయిలో అరవై నాల్గవ వంతు, అంటే మన కానియే. 1970లో సయీదీ రియాల్ వచ్చినప్పుడు దానిని వెయ్యి బైసాలు చేశారు. 'పైసా' అన్న పేరు అలాగే నిలిచి, 64 మాత్రం 1000 అయింది.

ఇప్పుడు మన పనివారి సంగతి. భవన నిర్మాణంలో నక్షా మిల్లీమీటర్లలో ఉంటుంది. మేస్త్రీ నోట మాత్రం సూత్, అంగుళం. అర అంగుళం రాడ్డు నిజానికి 12.7 మిల్లీమీటర్లు. దానికి బదులు '12 రాడ్డు' వేస్తే చూపుకు తేడా తెలియదు గాని, ఉక్కు నూటికి దాదాపు పదకొండు వంతులు తగ్గుతుంది. రెండు భాషలూ తెలిసిన మేస్త్రీకి ఇక్కడ విలువ ఎక్కువ. తెలియని కుర్రవాడికి ముందుగా నేర్పవలసింది ఇదే.

బంగారం విషయం మరీ ముఖ్యం. గల్ఫ్ బజార్లలో పేరుపొందిన పది తులాల బిస్కెట్టు 116.64 గ్రాములు, ఇది పాత తులం, 11.66 గ్రాములు. మన ఊళ్ళలో ఇప్పుడు తులమంటే చాలామందికి 10 గ్రాములే. అమ్మాయి పెళ్ళికి పది తులాలు పెడతానని మస్కట్ నుంచి అన్నగారు మాట ఇస్తే, ఆయన మనసులో నూరు గ్రాములు, వియ్యంకుడి మనసులో నూట పదహారున్నర ఉండవచ్చు. ఆ పదహారు గ్రాముల పైచిలుకు ఎన్ని నెలల ఓవర్‌టైమో మన కార్మిక సోదరులకు తెలుసు. అందుచేత ఫోనులో మాట్లాడేటప్పుడు గ్రాములు చెప్పండి.